పెన్సిల్ తేదీలు

హరనాథ్ ఇచ్చిన మాటలన్నీ శశికళ పెన్సిల్‌తో రాసుకునేది. వంటింట్లో ఫ్రిజ్ పక్కన ఇన్సూరెన్స్ ఏజెంటు పంచిపెట్టిన క్యాలెండర్ ఒకటి వేలాడుతుండేది. డాక్టర్ అపాయింట్‌మెంట్లూ, కూతురు విద్య స్కూలు సెలవులూ, కౌంటీ లైబ్రరీలో తన డ్యూటీ రోజులూ దానిమీద పెన్నుతో రాసేది. మొగుడు చెప్పిన తేదీలు మాత్రం పెన్సిల్‌తోనే. "చెరపడం తేలిక కదండీ" అనేది, అదీ కోపంగా కాదు, ఉప్పు ఏ డబ్బాలో ఉందో చెప్పినంత మామూలుగా. నయాగరా చూడ్డానికి వెళ్దామని హరనాథ్ డెబ్భై తొమ్మిది నుంచీ చెబుతూనే ఉన్నాడు. ఎనభై మూడులో ఒక్క జూన్ నెలలోనే మూడుసార్లు రాసి మూడుసార్లు చెరిపేసరికి ఆ గడిలో కాగితం పలచబడి వెనకాల జూలై కనిపించసాగింది.

హరనాథ్ అబద్ధాలకోరని అనుకునేరు. అయ్యో, అంత మెత్తని మనిషి నార్త్ కరోలినాలో వాళ్లుండే క్యారీ ఊరు మొత్తం గాలించినా దొరకడు. ఆయన జబ్బల్లా ఒకటే. పెద్దవాళ్లు ఏదైనా అడిగితే ఆయన నోట "కుదరదు" అనే మాట పెగలదు. చిన్నప్పటి నుంచీ అలాగే పెంచారు మరి. "ఎప్పటికి అవుతుంది?" అని అడిగినవాళ్ల మొహం వంక ఒకసారి చూస్తాడు, ఆ మొహానికి ఏ తేదీ నచ్చుతుందో ఆ తేదీ చెప్పేస్తాడు. పైగా చెప్పేటప్పుడు తనూ మనస్ఫూర్తిగా నమ్ముతాడు. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఆ ఆగస్టులో చిక్కు ముదిరింది. హరనాథ్ ఊరి పక్కనే రీసెర్చ్ ట్రయాంగిల్ అనే కంపెనీల పేట దగ్గర ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్ట్ లీడ్. ఆయన కింద నలుగురు ప్రోగ్రామర్లు. ఒక ఆసుపత్రి వాళ్లు రక్తం సంచుల లెక్క రిజిస్టర్లలో రాసుకుంటూ అవస్థపడుతుంటే, ఏ గ్రూపు ఎన్ని సంచులున్నాయి, ఏది ఎప్పటికి పాడవుతుంది అన్నది కంప్యూటర్‌లో చూసుకునేలా ప్రోగ్రామ్ రాసిపెట్టే పని ఆయన నెత్తిన పడింది. జూన్‌కి ఇస్తానన్నాడు. తర్వాత జూలై ఆఖరు అన్నాడు. ఇప్పుడు అక్టోబర్ ఒకటి అంటున్నాడు, ఎవరడిగినా పని తొంభై పర్సెంట్ అయిపోయిందనీ అంటున్నాడు. మధ్యలో భయమేసి, ఈ ప్రాజెక్ట్ గట్టెక్కితే సత్యనారాయణ వ్రతం చేస్తానని దేవుడికి మొక్కుకున్నాడు. ప్రాజెక్ట్ జారినప్పుడల్లా వ్రతమూ జారింది. శశికళ క్యాలెండర్ చెరుపుతూ, "ఆఫీస్‌కి తొంభై పర్సెంట్ అన్నారు, బాగానే ఉంది. దేవుడిక్కూడా తొంభై పర్సెంటేనా?" అంది.

ఒక శుక్రవారం ఆయన మేనేజరు డాట్ హార్‌గ్రోవ్ లోపలికి పిలిచింది. యాభై ఐదేళ్ల మనిషి, మాట్లాడితే కొలిచి పోసినట్టు ఉంటుంది. హరనాథ్ అని పలకలేక ఎనిమిదేళ్లుగా హ్యారీ అంటోంది.

"హ్యారీ, రాలీలో ఐదు రోజుల కోర్సు ఉంది. పెద్ద పనిని ఎలా విడగొట్టాలో, ఎలా ప్లాన్ చేయాలో నేర్పుతారు. వెళ్లిరా. వచ్చిన వారంలో నాకొక తేదీ చెప్పు. ఆ తేదీ కూడా తప్పితే పని కెవిన్‌కి ఇచ్చేస్తాను."

కెవిన్ పక్క టీములోని వాడు, ఇరవై ఎనిమిదేళ్లు. హరనాథ్ కుర్చీ అంచుకి జరిగాడు.

"ఉద్యోగం ఎక్కడికీ పోదు, జీతమూ తగ్గదు" అంది డాట్. "కాకపోతే ఇక ఎవరూ నిన్ను తేదీ అడగరు."

ఆ మాట ఆయనకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే మొదలుపెట్టాడు. "పదహారేళ్ల సర్వీస్ శశీ. నన్ను మళ్లీ బళ్లో కూచోమంటోంది."

"లంచ్ వాళ్లే పెడతారా?"

"పెడతారట."

"అయితే వెళ్లండి. నాకు ఐదు రోజులు డబ్బా కట్టే పని తప్పుతుంది."

సోమవారం పొద్దున ఒక మోటెల్ హాల్లో ఇరవై మంది మధ్య ముళ్లమీద కూచున్నట్టు కూచున్నాడు హరనాథ్. పాఠం చెప్పే ఆయన పేరు విల్బర్ టేట్. ముప్పై ఏళ్లు ఓడలు కట్టించి రిటైరైన మనిషి, చేతులు చాటంత. బోర్డు మీద ఒక్క ముక్క రాయకుండా ఒక్కొక్కరినీ లేపి, "నీ పని ఎంతవరకు వచ్చింది?" అని అడిగాడు.

"తొంభై పర్సెంట్" అన్నాడు హరనాథ్.

"పోయిన నెల?"

హరనాథ్ ఒక్క క్షణం ఆలోచించి, "తొంభై" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది.

టేట్ మాత్రం నవ్వలేదు. "ఇక్కడ ఉన్నవాళ్లందరిదీ అదే లెక్క, ఈయన పైకి చెప్పాడు, అంతే. ఈ వారం ఎవరూ పర్సెంట్లు మాట్లాడకండి. పనిని ఎంత చిన్న ముక్కలు చేస్తారంటే, తలుపు బిగించారా లేదా అని అడిగితే అవునో కాదో చెప్పగలగాలి. సగం బిగించిన తలుపంటూ ఓడలో ఉండదు. తర్వాత ఏ ముక్క అయ్యాక ఏది మొదలవ్వాలో చూడండి. అన్నిటికన్నా పొడుగాటి వరస ఏదో పట్టుకోండి. మీ పని ఎప్పటికి అవుతుందో ఆ వరస చెబుతుంది. మీ మేనేజరు మొహం చెప్పదు."

ఆ ఆఖరి మాటకి హరనాథ్ ఉలిక్కిపడ్డాడు. ఈ ముసలాయన తన వంటింట్లో క్యాలెండర్ చూసొచ్చాడా ఏమిటి అనిపించింది.

ఆ సాయంత్రానికి ఇంటిపని ఇచ్చారు. ఇంట్లో పాతికమందిని పిలిచి చేసే పని ఒకటి తీసుకుని, ముక్కకో కార్డు చొప్పున రాసుకు రమ్మన్నారు. హరనాథ్ కులాసాగా వ్రతం తీసుకున్నాడు. క్లాసులోనే గబగబా ఏడు కార్డులు రాసేశాడు: పిలవడం, సరుకులు, వంట, పూజ, కథ, భోజనాలు, సర్దుకోవడం. టేట్ వెనక నుంచి వంగి చూశాడు.

"వంట ఎంతసేపు?"

"రెండు గంటలు."

"ఎవరు చేస్తారు?"

"మా ఆవిడ."

"ఆవిణ్ణి అడిగావా?"

అడగలేదు. అడగాలని తోచనూ లేదు. పెళ్లయి పదిహేనేళ్లు, ఏటా ఒక వ్రతం జరుగుతూనే ఉంది కదా.

రాత్రి భోజనాలు కాగానే హాల్లో కార్పెట్ మీద ఖాళీ కార్డుల కట్ట పెట్టుకుని భార్యని పిలిచాడు. శశికళ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆ ఏడు కార్డులూ చదివి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏమండీ, వ్రతం పొద్దున పదింటికి మొదలవుతుందనుకుంటున్నారా?"

"మరి?"

"మీకు పదింటికి. నాకు మూడు వారాల ముందు మొదలవుతుంది. తమలపాకులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయనుకున్నారు? న్యూయార్క్ షాప్‌కి ఫోన్ చేయాలి. వాళ్ల దగ్గర స్టాక్ ఎప్పుడొస్తుందో కనుక్కోవాలి. అటునుంచి ఇటు డ్రైవ్ చేసేవాళ్లు ఎవరున్నారో వెతకాలి. వాళ్లు తెచ్చాక తడిగుడ్డలో చుట్టి రోజూ తీసి చూడాలి. ఇవే నాలుగు కార్డులు, రాయండి."

రాశాడు. ఆమె చెబుతూ పోయింది, ఆయన రాస్తూ పోయాడు. వాసుదేవరావు గారికి ఏ ఆదివారం ఖాళీయో కనుక్కోవాలి. ఆయన యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసరు. చుట్టుపక్కల తెలుగువాళ్లకి పంతులు గారు లేని లోటు ఆయనే తీర్చేవాడు. ఆయన ఒప్పుకుంటే గాని ఎవరినీ పిలవడానికి లేదు. ఎంతమంది వస్తారో తేలితే గాని రవ్వ ఎంత కొనాలో తెలియదు. పెరుగు ముందురోజు సాయంత్రమే తోడు పెట్టాలి, చలికాలమైతే అవెన్‌లో లైట్ వేసి లోపల పెట్టాలి. "ఆ అవెన్ మీద కాగితం అంటించాలి. పోయినేడు మీరు పిజ్జా కోసం అవెన్ ఆన్ చేస్తే ఏమైందో గుర్తుందా?" అంది. హరనాథ్ దానికీ ఒక కార్డు రాశాడు.

విద్యకి పన్నెండేళ్లు. అది కూడా వచ్చి కార్పెట్ మీద బోర్లా పడుకుని, "నాన్నా, ఇది బోర్డ్ గేమ్ లాగా ఉంది" అంటూ అల్లిక డబ్బాలోంచి ఎర్ర ఊలు తెచ్చింది. ఏది ముందో ఏది వెనకో శశికళ చెబుతుంటే కార్డుకీ కార్డుకీ మధ్య ఊలు పరిచారు. చూసేసరికి యాభై ఎనిమిది కార్డులు. అన్నిటికన్నా పొడుగాటి వరస వంటది కానే కాదు. న్యూయార్క్ ఫోన్‌తో మొదలై తమలపాకుల మీదుగా నడిచింది. హరనాథ్ ఆ పొడుగాటి ఊలు దారాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి రెండుసార్లు చూసుకున్నాడు.

"ఇందులో నావెన్ని?" అన్నాడు మెల్లిగా.

శశికళ వంగి రెండు కార్డులు ఏరి ఆయన చేతిలో పెట్టింది. పీటల మీద కూచోవడం ఒకటి, కొబ్బరికాయ కొట్టడం ఒకటి.

ఆయనకి సిగ్గేసింది. తల వంచుకుని ఆ రెండు కార్డులనీ తిప్పి తిప్పి చూశాడు. "మరి నువ్వు కథ వినేది ఎప్పుడు?"

"ఎక్కడ వింటాను? మొదటి అధ్యాయం వింటాను. మూడోదాంట్లో ఎప్పుడూ స్టవ్ మీద ఏదో ఒకటి ఉంటుంది. ఆ షావుకారు సంగతి ఏమైందో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలీదు."

ఇన్నేళ్లలో అలా అని ఒక్కసారైనా అనలేదేమని అడిగాడు. ఎవరూ అడగలేదని చెప్పింది, కార్డులు పోగుచేస్తూ.

శుక్రవారం టేట్ ఆ యాభై ఎనిమిది కార్డులూ గోడకి అంటించి క్లాసుకంతా చూపించాడు. ఈ ప్లాన్ వేసిన మనిషికి జీతం ఎంత ఇస్తున్నారని అడిగాడు. హరనాథ్ పళ్లికిలించాడు. పోయేముందు ముసలాయన హరనాథ్ భుజం మీద చెయ్యేసి, "నీ టీము దగ్గర కూడా ఇలాగే కింద కూచుని అడుగు" అన్నాడు.

సోమవారం ఆఫీస్‌లో హరనాథ్ మొదట రాధాకృష్ణని పిలిచాడు. వరంగల్లో ఇంజనీరింగ్ చదివి వచ్చిన కుర్ర ప్రోగ్రామరు, బుద్ధిమంతుడు. ఆసుపత్రి పాత రిజిస్టర్లలో ఉన్నదంతా కొత్త ప్రోగ్రామ్‌లోకి ఎక్కించే భాగం వాడిది.

"నీ పని ఎందాక వచ్చింది?"

"అయిపోయినట్టే సార్" అన్నాడు రాధాకృష్ణ.

హరనాథ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ గొంతు తనదే. డాట్ ఎదుట నిలబడి తను పలికే పలుకు ఈ కుర్రాడి నోట వింటున్నాడు. ఖాళీ కార్డులు వాడి ముందుకు తోసి, "అయినవి ఇటు, కానివి అటు. మధ్యలో ఏదీ పెట్టొద్దు" అన్నాడు.

రాధాకృష్ణ అరగంట సేపు రాశాడు. అటువైపు కట్ట పెరుగుతున్నకొద్దీ వాడి చెవులు ఎర్రబడ్డాయి. చివరికి బయటపెట్టాడు. రిజిస్టర్లలో ఏ గళ్లో ఏముంటుందో వివరంగా ఒక పట్టీ ఆసుపత్రి నుంచి రావాలి. ఐదు వారాలుగా రాలేదు. అది లేనిదే తన భాగం మొదలే కాదు.

"ఐదు వారాలా? నాతో ఒక్క మాటన్నా అనలేదేం?"

"మీరే టెన్షన్‌లో ఉన్నరని సార్. మళ్ల నేనెందుకు చెప్పాలె అనుకున్న."

హరనాథ్ కుర్చీలో వెనక్కి వాలాడు. వాడిని తిడదామంటే నోరు రాలేదు. "ఇవే మన తమలపాకులు" అన్నాడు.

"ఏంది సార్?"

"ఏం లేదు. కోటు వేసుకో, ఆసుపత్రికి పోదాం పద."

ఆ వారమంతా నలుగురినీ కూచోబెట్టి నూట పన్నెండు కార్డులు రాయించాడు. ప్రతి కార్డు మీదా ఎన్ని రోజులో చేసేవాళ్లే రాయాలి, తను నోరు మెదపకూడదు. గోడ నిండా అంటించి పొడుగాటి వరస వెంట రోజులు కూడితే నవంబర్ పద్నాలుగు తేలింది. మళ్లీ కూడాడు. మళ్లీ పద్నాలుగే. అక్టోబర్ ఒకటి అని చెప్పిన నోటితో ఆరువారాలు ఎక్కువ కావాలని ఎలా చెప్పడం?

శుక్రవారం పొద్దున డాట్‌ని ఆ గోడ దగ్గరకి తీసుకెళ్లాడు. ఆవిడ మొహం వంక చూస్తే మాట మారిపోతుందని తెలుసు, అందుకని గోడ వంకే చూస్తూ చెప్పాడు. "అక్టోబర్ ఒకటికి కుదరదు. నవంబర్ పద్నాలుగు."

నలభై ఏళ్ల మనిషి జీవితంలో పెద్దవాళ్లకి "కుదరదు" అని చెప్పడం అదే మొదలు. డాట్ కార్డుల వెంట నెమ్మదిగా నడిచింది. ఆసుపత్రి పట్టీ కార్డు దగ్గర ఆగి వేలితో తట్టింది.

"ఇది ఆలస్యమైతే?"

"అయిన రోజే మీకు చెబుతాను."

"ఎనిమిదేళ్లలో నాకు నచ్చని మాట నువ్వు చెప్పడం ఇదే మొదటిసారి హ్యారీ" అంది డాట్. "పద్నాలుగు అని ఆసుపత్రికి చెబుతున్నాను. కెవిన్ సంగతి మాత్రం అలాగే ఉంది."

హరనాథ్ ఇంటికొచ్చి ఆ తేదీ చెప్పాడు. శశికళ క్యాలెండర్‌లో నవంబర్ పద్నాలుగున ప్రాజెక్ట్ అనీ, ఇరవైన, కార్తీక పౌర్ణమి ఆదివారం నాడు వ్రతం అనీ రాసుకుంది. పెన్సిల్‌తోనే లెండి. ఆయన చూశాడు గాని, పెన్నుతో రాయమనడానికి ఇంకా ఏం సంపాదించాడని?

పట్టీ నాలుగు రోజులు ఆలస్యమైంది. పాత హరనాథ్ అయితే కడుపులో దాచుకుని, ఆదివారాలు ఒక్కడే ఆఫీస్‌లో కూచుని, ఆఖరి రోజున దొరికిపోయేవాడు. ఇప్పుడు మొదటిరోజే డాట్ దగ్గరికి వెళ్లాడు. టీములో ఆ పొడుగాటి వరస పని లేని ఒకమ్మాయిని రెండు వారాలు రాధాకృష్ణకి తోడుగా మార్చితే నాలుగు రోజులూ కలిసొస్తాయని గోడ మీదే చూపించాడు. ఆవిడ సరేనంది, అంతే. ఇంత చిన్న సంగతి కోసమా ఇన్నాళ్లు నిద్ర పాడుచేసుకున్నది అనుకుని హరనాథ్ తనలో తనే నవ్వుకున్నాడు.

నవంబర్ పద్నాలుగు సోమవారం మధ్యాహ్నం ఆసుపత్రిలో నర్సు ఒకావిడ మీటలు నొక్కితే ఏ గ్రూపు రక్తం ఎన్ని సంచులుందో తెర మీద వరసగా వచ్చింది. ఆవిడ కళ్లజోడు సర్దుకుని మళ్లీ నొక్కింది, మళ్లీ వచ్చింది. డాట్ అందరి ముందూ, "హరనాథ్" అని పూర్తి పేరు పిలిచి కరచాలనం చేసింది. ఎన్నాళ్లు సాధన చేసిందో ఏమో, బాగానే పలికింది. తర్వాతి ప్రాజెక్టుకి కూడా తేదీ నువ్వే చెప్పు అంది. ఆ రోజు హరనాథ్ సంతోషంతో కారు దారితప్పి ఎదురుదిక్కున నాలుగు మైళ్లు పోయాడు.

ఇక వ్రతం. ఈసారి కార్డులు పంచేటప్పుడు ముప్పై ఒకటి ఆయన తీసుకున్నాడు. న్యూయార్క్ షాప్‌కి ఫోన్ చేశాడు. తమలపాకులకి రోజూ తడిగుడ్డ మార్చాడు. శనివారం సాయంత్రం పెరుగు తోడు పెట్టి అవెన్‌లో లైట్ వేశాడు. దాని మీద విద్య తన వంకర తెలుగులో "పెరుగు ఉంది నాన్న ముట్టకు" అని రాసి అంటించింది. ఆదివారం పొద్దున ఇద్దరూ పీటల మీద కూచోకముందే ప్రసాదం తయారైపోయింది. పెనం మాడ్చాడు ఒకటి, అది వేరే కథ.

నలభై మంది దాకా వచ్చారు. వాసుదేవరావు గారు కథ మొదలుపెట్టారు. మొదటి అధ్యాయం అయింది, రెండోది అయింది. అలవాటు కొద్దీ శశికళ లేవబోయింది. హరనాథ్ ఆమె చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు.

"స్టవ్ ఆఫ్ చేశాను. కూచో."

కూచుంది. మూడో అధ్యాయం వచ్చింది. షావుకారు బిడ్డ పుడితే వ్రతం చేస్తానన్నాడు. పుట్టింది. చేయలేదు. బిడ్డ పెళ్లికి చేస్తానన్నాడు. పెళ్లయింది. అప్పుడూ చేయలేదు. శశికళ కళ్లు పెద్దవి చేసుకుని వింటూ వింటూ మొగుడి వైపు వంగింది.

"ఏమండీ, ఈ షావుకారు కూడా మీ డిపార్ట్‌మెంటేనా?"

హరనాథ్‌కి నవ్వు ఆగలేదు. ఆమెకీ ఆగలేదు. దేవుడి ముందు పీటల మీద మొగుడూ పెళ్లాం ఇద్దరూ అలా ఊగిపోతుంటే వాసుదేవరావు గారు కళ్లజోడు మీద నుంచి చూశారు. "ఏమ్మా, అంత నవ్వొచ్చే ఘట్టమా ఇది?" అన్నారు.

"నేనిది వినడం ఫస్ట్ టైమ్ అండీ" అంది శశికళ, కళ్లు తుడుచుకుంటూ. "పదిహేనేళ్ల నుంచీ చేస్తున్నాను." ఆ రెండో మాట అనేటప్పుడు ఆమె గొంతులో నవ్వు లేదు. హరనాథ్ ఆమె చెయ్యి వదల్లేదు. ఐదు అధ్యాయాలూ కదలకుండా విన్నది.

భోజనాలయ్యాక అందరూ వంటింట్లో చేరి కాఫీలు తాగుతుంటే వాసుదేవరావు గారు కొత్త సంవత్సరం క్యాలెండర్ తిరగేస్తూ, "హరనాథ్, నయాగరా ఎప్పుడయ్యా? అడిగి అడిగి నేనే రిటైరయ్యేలా ఉన్నాను" అన్నారు. అందరూ నవ్వారు. ఇదివరకటి హరనాథ్ అయితే ఆ పెద్దాయన మొహం చూసి, వచ్చే నెలే సార్ అనేసేవాడు.

"జూన్ పదహారు, శనివారం" అన్నాడు హరనాథ్. "అంతకన్నా ముందు కుదరదు. ముప్పై నాలుగు కార్డులు. అందులో ఇరవై నావి."

శశికళ ఆయన వంక కాసేపు చూసింది. క్యాలెండర్ పక్కన దారానికి కట్టిన పెన్సిల్ వేలాడుతూ ఉంది. చెయ్యి దాని దాకా పోయింది, ఆగింది. వెనక్కి తిరిగి వాసుదేవరావు గారి జేబు వైపు చూసింది.

"బాబాయిగారూ, మీ పెన్ను ఒకసారి ఇస్తారా?"